విజిట్ మీద పోయి కంపెనీ వీసాకు మారొచ్చా? గల్ఫ్ వీసాల అపోహలు – వాస్తవాలు

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్ళేవాళ్ళ కాగితాలు చూసిపెట్టడం చాలా ఏళ్ళుగా నా పని. రోజూ ఎవరో ఒకరు ఫోన్‌లో వీసా కాపీ తెరిచి "అన్నా, ఇది ఒరిజినలేనా?" అని అడుగుతారు. చాలాసార్లు ఒరిజినలే. కాకపోతే అది విజిట్ వీసా, వెళ్ళేదేమో పనికి.

అపోహ: "విజిట్ మీద దిగితే చాలు, కంపెనీయే వీసా కొట్టిస్తుంది."

ఈ ఒక్క మాట నమ్మి మునిగినన్ని కుటుంబాలను ఇంకే మాట వల్లా నేను చూడలేదు, అందుకే ఎక్కువ దీని గురించే రాస్తున్నా. ఇందులో సగం నిజం ఉంది, కాబట్టే జనం నమ్ముతారు. యూఏఈలో విజిట్ మీద ఉన్న మనిషి దేశం దాటకుండానే ఉద్యోగ వీసాకు మారే వీలుంది. కానీ మార్చాల్సింది కంపెనీ. అక్కడి కార్మిక శాఖ ఆ మనిషి పేరు మీద వర్క్ పర్మిట్ ఇవ్వాలి, ఆ తర్వాత మెడికల్ పరీక్ష, ఎమిరేట్స్ ఐడీ అనే అక్కడి గుర్తింపు కార్డు. పర్మిట్ రాకముందే పనిలో దిగితే చట్ట విరుద్ధం. విజిట్ గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. ఇందులో ఏదీ మన ఊళ్ళో కూర్చున్న ఏజెంటు చేతిలో లేదు.

మరి ఏజెంట్లకు విజిట్ అంటే ఎందుకంత ఇష్టం? పది పాస్ కానివాళ్ళది ఈసీఆర్ పాస్‌పోర్టు కదా, అంటే పనికి వెళ్ళడానికి మన ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు, వాళ్ళు పనికి గల్ఫ్ వెళ్ళాలంటే కాంట్రాక్టు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ సైట్‌లో ఎక్కాలి, ఆ అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ పీఓఈ ఆఫీసు నుంచి క్లియరెన్స్ రావాలి, ప్రవాసీ భారతీయ బీమా కట్టాలి. ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వచ్చే పాలసీ అది, ప్రీమియం కొన్ని వందలే. కంపెనీ ఏది, జీతం ఎంత అన్నది మన ప్రభుత్వం దగ్గర రికార్డు ఉంటుంది. విజిట్ మీద పంపితే ఇవేవీ అడగరు, లైసెన్సు లేని సబ్ ఏజెంటుకు కావాల్సిందీ అదే. "ఎయిర్‌పోర్టులో చుట్టాల దగ్గరికి పోతున్నా అని చెప్పు" అని నేర్పించి మరీ పంపుతారు. రేపు ఏదైనా జరిగితే ఆ అబద్ధం చెప్పింది మీరే అవుతారు, వాడు కాదు.

మల్యాల దగ్గరి ఒక ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. కొడుకును క్లీనింగ్ కంపెనీ అని పంపారు. ట్రయల్ అంటూ పని చేయించుకున్నారు, జీతం ఇవ్వలేదు, ఈలోపు వీసా గడువు అయిపోయింది, ఇక్కడి ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. "సారూ, కంపెనీ పేరు కూడా మాకు తెల్వది, ఎవరి మీద ఫిర్యాదు ఇయ్యాలె?" అని ఆమె అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఎక్కడా కాంట్రాక్టు లేదు. కాన్సులేట్‌కు రాసి, ఊరివాళ్ళు తలా కొంత వేసుకుని టికెట్ కొంటే అబ్బాయి ఇల్లు చేరాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంది.

కాబట్టి డబ్బు చేతికిచ్చే ముందే వీసా మీద రకం అని ఉన్న లైను ఎవరితోనైనా చదివించుకోండి. విజిట్ అనో టూరిస్ట్ అనో ఉంటే, కంపెనీ పేరు, జీతం ఉన్న ఆఫర్ లెటర్ అడగండి. "పోయాక ఇస్తారు" అన్నాడంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

అపోహ: "బిజినెస్ వీసా అయితే పని చేసుకోవచ్చు."

చేయకూడదు. అది మీటింగులకు, బేరాలకు, ఎగ్జిబిషన్లకు. అక్కడి కంపెనీ దగ్గర కూలి చేసి జీతం తీసుకోవడానికి పనికిరాదు. అమెరికా బిజినెస్ వీసా బీ-1 కూడా అంతే, సాఫ్ట్‌వేర్ పిల్లలు గమనించాలి.

అపోహ: "ఆజాద్ వీసా తీసుకుంటే ఎక్కడైనా చేసుకోవచ్చు."

ఏ గల్ఫ్ దేశం చట్టంలోనూ ఆజాద్ వీసా అనేది లేదు. పని వీసా ఒక కఫీల్ పేరు మీద, అంటే పిలిపించుకున్న యజమాని పేరు మీద ఉంటుంది. అనుమతి లేకుండా ఇంకొకరి దగ్గర చేస్తూ పట్టుబడితే జైలు, ఆపై ఇంటికి పంపడం. ఖల్లివెల్లి అయినవాళ్ళను, అంటే కఫీల్‌ను వదిలి కాగితాలు లేకుండా తిరిగినవాళ్ళను అడిగి చూడండి.

అపోహ: "ఎంత ఎక్కువ కడితే అంత గ్యారంటీ."

లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగేది 30 వేలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అడిగాడంటే అక్కడే అర్థం చేసుకోండి. లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ సైట్‌లో వెతికితే దొరుకుతుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే, ముందు వాటిని అడగండి.

ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు ఇంకో మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉండి 30 ఏళ్ళు నిండకపోతే క్లియరెన్స్ రాదు. "విజిట్ మీద పంపిస్తాం" అనేది ఈ నిబంధన తప్పించడానికే. రాయచోటి, రాజంపేట వైపు అక్కచెల్లెళ్ళకు ఇది తప్పకుండా చెప్పండి.

ఇప్పటికే వెళ్ళి ఇరుక్కుని ఉంటే సిగ్గుపడి దాక్కోకండి, తప్పు మీది కాదు. పాస్‌పోర్టు, వీసా, ఏజెంటుకు డబ్బు పంపిన రసీదు, వాట్సాప్ మాటలు అన్నీ ఫొటో తీసి ఇంటికి పంపండి. తెల్లకాగితాల మీద సంతకం పెట్టకండి. ఆలస్యం చేయకుండా మన ఎంబసీకో కాన్సులేట్‌కో వెళ్ళండి, ఇక్కడ ఇంటివాళ్ళతో ఏజెంటు మీద పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇప్పించండి.