“ఇలా జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు” అంటే కేసు పోతుందా?

నిర్లక్ష్యం వల్ల దెబ్బ తగిలిందని నష్టపరిహారం దావా వేస్తే అవతలివాళ్లు ముందుగా పట్టుకునేది ఈ మాటనే. మా దగ్గరికొచ్చే క్లయింట్లు కూడా దీన్ని విని “అయితే మన కేసు పోయినట్టేనా సార్?” అని టెన్షన్ పడతారు.

అపోహ: ప్రమాదం పొంచి ఉందని యజమానికి నిజంగా తెలియకపోతే బాధ్యత ఉండదు.

వాస్తవం: ఆయనకు తెలుసా లేదా అన్నది కాదు ప్రశ్న. ఆయన స్థానంలో ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండే మనిషికి తట్టేదా అని కోర్టు చూస్తుంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి జనం చనిపోయారు. లోపం పైకి కనపడలేదని మున్సిపాలిటీ వాదించింది. సాక్ష్యంలో బయటపడ్డ సంగతి వేరు: కట్టడం వయసు 80 ఏళ్లు, వాడిన సున్నాన్ని బట్టి దాని ఆయుష్షు 40-45 ఏళ్లే. ఆ సున్నం అప్పటికే పొడిపొడి అయిపోయింది. రోడ్డు పక్కన కట్టడం ఉన్నవాళ్లు ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాల్సిందేనని, లోపం లోపల దాగి ఉందన్న సాకు చెల్లదని 1966లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఇలాంటి కేసుల్లో నేను మొదట అడిగించేది తనిఖీ రికార్డులు. అవి లేకపోతే “మాకు తెలియదు” అన్న మాట చెప్పినవాళ్లకే ఎదురు తిరుగుతుంది.

అపోహ: ప్రమాదం ఎలా జరిగిందో అచ్చం అలాగే ముందే ఊహించగలిగి ఉండాలి.

వాస్తవం: ఎలాంటి హానో ఊహిస్తే చాలు. ఎడిన్‌బరోలో పనివాళ్లు మ్యాన్‌హోల్ తెరిచి, చుట్టూ కిరోసిన్ దీపాలు పెట్టి టీకి వెళ్లారు. 8 ఏళ్ల పిల్లవాడు అక్కడ ఆడుకుంటుంటే దీపం లోపల పడి పేలింది, వాడి ఒళ్లు కాలింది. పేలుడు ఎవరి ఊహకూ అందనిదే. కానీ దీపంతో పిల్లలు ఒళ్లు కాల్చుకోవడం ఊహకు అందేదే కదా అని 1963లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టు) పరిహారం ఇప్పించింది.

అపోహ: ఊహించగలిగిన ప్రమాదమైతే బాధ్యత ఖాయం.

వాస్తవం: కాదు. ఇంగ్లండ్‌లో క్రికెట్ బంతి గ్రౌండ్ దాటొచ్చి రోడ్డు మీదున్న ఒకావిడకు తగిలింది. 30 ఏళ్లలో ఓ ఆరుసార్లే బంతి అలా బయటికొచ్చిందని చూసి 1951లో అదే హౌస్ ఆఫ్ లార్డ్స్ క్లబ్బుకు బాధ్యత లేదని తేల్చింది.

అపోహ: ప్రతి కేసులోనూ ఈ ఊహ గొడవ తేలాల్సిందే.

వాస్తవం: కరెంటు తీగ కేసుల్లో అక్కర్లేదు. వానలో సైకిల్ మీద వెళ్తూ తెగిపడ్డ తీగ తగిలి ఒకాయన చనిపోయాడు. ఎవరో దొంగతనంగా కరెంటు లాగడం వల్లే ఇది జరిగిందని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. అంత ప్రమాదకరమైన పని చేసేవాళ్లకు, ఎంత జాగ్రత్త పడ్డారన్న దానితో పని లేకుండా, కఠిన బాధ్యత ఉంటుందని చెప్పింది. పొలంలో తీగ తగిలి రైతు చనిపోతే ఆ ఇంటివాళ్లు “సిబ్బంది తప్పు ఎలా రుజువు చేయాలి?” అని నెలల తరబడి ఆగిపోతుంటారు. ఆగొద్దు. దావాలో నిర్లక్ష్యంతో పాటు కఠిన బాధ్యతను కూడా విడిగా రాయించండి.