సంతకం దగ్గర ఆగిన చదువులు

అనంతపురంలో ధర్నా అంటే టవర్‌క్లాక్ దగ్గరో, కలెక్టరేట్ ముందరో జరుగుతుంది. వేరుశనగ పంటకు ఇన్సూరెన్స్ పడలేదని రైతులు, జీతాల కోసం అంగన్‌వాడీ అక్కలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం డిగ్రీ పిల్లలు కూర్చోవడం ఊరికి అలవాటే. పీహెచ్‌డీ చేసేవాళ్లు ప్లకార్డు పట్టుకుంటే మాత్రం దారిన పోయేవాళ్లు ఆగి అడుగుతారు. "మీకేమైందప్పా, గవర్నమెంటే డబ్బులిచ్చి చదివిస్తాంది కదా?" చాలా ఏళ్ల కింద ఒక పెద్దాయన నన్ను ఇదే అడిగాడు. రెండు మాటల్లో చెప్పలేక తల దించుకున్నాను. యూనివర్సిటీల్లో కులం చూసి స్కాలర్లను వేధించే సంగతి అది. ఆయనకు ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఒక కాగితం సంగతి చెప్పాలి. రీసెర్చ్ స్కాలర్ ఆరు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్టు ఇవ్వాలి. మాకు అది రెండే పేజీలు. కింద ఒకవైపు స్కాలర్ సంతకం, ఇంకోవైపు గైడ్ సంతకం. గైడ్ అంటే మా పరిశోధన నడిపించే ప్రొఫెసర్. నా స్నేహితుడొకడు ఆ రెండు పేజీలు పట్టుకుని గైడ్ గది బయట బెంచీ మీద పదకొండు రోజులు కూర్చున్నాడు. పక్కన నేనూ కూర్చున్నాను కాబట్టి లెక్క తెలుసు. మిగతా స్కాలర్లు లోపలికి పోయి వస్తుండేవారు. వీడి వంతు వచ్చేసరికి అటెండర్ తలుపు దగ్గర నిలబడి "సారు బిజీగా ఉండాడు నాయనా, రేపు రా" అనేవాడు. ఆ మాట చెప్పడం ఆయనకూ ఇష్టం లేదని మొహంలో కనపడేది. చెమటకు ఫైలు అట్ట రంగు మావాడి అరచేతికి అంటుకుంది. పన్నెండో రోజు సంతకం దొరికింది. "కోటాలో సీటొచ్చింది, నెలనెలా ఫెలోషిప్ వస్తోంది, ఇంకా దేనికి తొందర?" అన్న మాట కూడా దాంతోపాటే దొరికింది.

కులం పేరుతో తిడితే కేసు పెట్టడానికి చట్టం ఉంది, వినడానికి సాక్షులు ఉంటారు. సంతకం పెట్టకుండా ఆపితే ఎవరు సాక్షి? పీహెచ్‌డీలో గైడ్‌కు ఉన్న అధికారం ఇంకే చదువులోనూ ఒక్క మనిషి చేతిలో ఉండదు. నెలనెలా కన్ఫర్మేషన్ పోతేనే జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ డబ్బు పడుతుంది. థీసిస్ సారాంశం రాసిచ్చే సినాప్సిస్‌కు, పేపర్ పంపడానికి, థీసిస్ సబ్మిషన్‌కు, చివరికి ఉద్యోగానికి రాసే సిఫారసు ఉత్తరానికి కూడా అదే పెన్ను కదలాలి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. వాన లేని పల్లె నుంచి వచ్చిన పిల్లకో పిల్లవాడికో అది ఇంటి ఖర్చు, తమ్ముడి ఫీజు, అమ్మ మందులు. అది నాలుగు నెలలు ఆగితే ఇంట్లో ఏమవుతుందో యూనివర్సిటీ ఫైల్లో ఎక్కడా రాయరు.

ఈ బెంచీ మీద కూర్చోబెట్టడం నిన్న మొన్న మొదలవలేదు. కొలంబియాలో చదివొచ్చిన అంబేద్కర్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరితే, స్టాఫ్ రూమ్ కుండలో ఆయన నీళ్లు తాగకూడదని తోటి ప్రొఫెసర్లే అడ్డం తిరిగారు. అంతకుముందు బరోడా కొలువులో ప్యూన్లు ఫైళ్లను ఆయన బల్ల మీదికి దూరం నుంచి విసిరేవారు. ఖగోళ భౌతిక శాస్త్రంలో సమీకరణానికి తన పేరు నిలిపిన మేఘనాద్ సాహా కలకత్తా హాస్టల్లో విద్యార్థిగా ఉన్నప్పుడు కులం వల్ల విడిగా కూర్చుని తినాల్సి వచ్చింది. ఎంత పెద్ద చదువైనా గది తలుపు దగ్గర కులం అడ్డం నిలబడ్డ సందర్భాలు ఇవి.

మన సీమ విషయానికొస్తే, ఇక్కడ పెద్ద చదువు అడిగి తెచ్చుకున్నది. 1916లో అనంతపురానికి దత్తమండలాల కాలేజీ వచ్చింది, అదే ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ. 1937 నవంబర్ 16న శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఇంకొకటి ఉండాలని రాసుకున్నారు. రాత కాగితం మీదే ఉండిపోయింది. 1968లో తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇక్కడ పీజీ కేంద్రం పెట్టింది, 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. కడపకు 2006లో యోగి వేమన, కర్నూలుకు 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయాలు వచ్చాయి. అంటే అప్పటి నాలుగు జిల్లాల సీమలో బీదింటి పిల్లలు పీహెచ్‌డీ దాకా రావడం మొదలై గట్టిగా రెండు తరాలే. ఇంట్లో మొదటి డిగ్రీ, వీధిలో మొదటి పీజీ, ఊళ్లో మొదటి పీహెచ్‌డీ అయిన వాళ్లు వీళ్లు. గైడ్ వేధిస్తే ఏం చేయాలో ఇంటికి ఫోన్ చేసి అడగలేరు. సినాప్సిస్ అంటే ఏమిటో అమ్మానాన్నలకు ముందు చెప్పాలి కదా.

రెండువేల తర్వాత ఈ గొడవ గది దాటి రోడ్డు మీదికి వచ్చింది. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సు పెట్టింది. కులాన్ని కూడా ఆ లెక్కలో చూడాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి, అది మా ఇంటి విషయమని భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులమూ ఉందని తేల్చింది. అదే 2002లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పదిమంది దళిత విద్యార్థులను బహిష్కరించింది.

2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ఫిర్యాదుల మీద థొరాట్ కమిటీ వేశారు. 2007లో వచ్చిన ఆ నివేదికను నేను రెండుసార్లు చదివాను. టీచర్ల నుంచి తగిన తోడ్పాటు లేదని ఆ పిల్లల్లో 69 శాతం చెప్పారు. వేధింపులు భరించలేక హాస్టల్లో గదులు మార్చుకుని ఒకే చోటికి చేరారు. చదువుతుంటే మా హాస్టల్ వరండానే కళ్ల ముందు కదిలింది.

2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంథిల్ కుమార్ అనే ఫిజిక్స్ స్కాలర్ ప్రాణం తీసుకున్నాడు. అతనికి గైడ్‌నే కేటాయించలేదు. 2013లో అక్కడే మాదారి వెంకటేశ్ అనే కెమిస్ట్రీ స్కాలర్. ఏళ్లు గడిచినా అతనికీ గైడ్ దక్కలేదు. మా బెంచీ మీద సంతకం కోసం కూర్చున్నాం, వాళ్లకు కూర్చోవడానికి తలుపు కూడా లేదు.

రోహిత్ వేముల పేరు తెలియనివాళ్లు తక్కువ. గుంటూరు కుర్రవాడు, అదే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ స్కాలర్. 2015 జూలై నుంచి ఫెలోషిప్ ఆగింది. ఆగస్టులో నలుగురు తోటి స్కాలర్లతో కలిపి సస్పెండ్ చేశారు, తర్వాత హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. ఆ ఐదుగురు క్యాంపస్ దుకాణాల దగ్గర, ఆరుబయట టెంటు వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఊరి చివర పడేసిన వాడకు తెలుగులో ఉన్న పాత మాట అది. దాన్ని తెచ్చి యూనివర్సిటీ నడిబొడ్డున కట్టారు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఏడు నెలల ఫెలోషిప్ డబ్బు రావాల్సి ఉంది, ఆ సంగతి చివరి ఉత్తరంలోనే రాశాడు. అతని కులం ఏదన్నదాని మీద, కేసు మూసేస్తూ 2024లో పోలీసులు ఇచ్చిన నివేదిక మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఆగిన డబ్బు మీద, వీధిలో పడుకున్న రాత్రుల మీద మాత్రం ఏ వాదనా లేదు. ఆ జనవరిలో దేశమంతా క్యాంపస్‌లు కదిలాయి. నేనూ కొవ్వొత్తి పట్టుకున్నాను. నా పక్కన నిలబడ్డ జూనియర్ అమ్మాయి, ఊరేగింపులో తన ఫొటో గైడ్ కంట పడుతుందేమోనన్న భయంతో చున్నీ మొహానికి అడ్డం కప్పుకుంది. ఉద్యమం అంటే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ చున్నీయే. అంత భయంలోనూ ఆమె గేటు దాకా నడిచింది.

బయటి దేశాల్లోనూ ఇదే కాలంలో యువ పరిశోధకులు లేచారు. 2015 మార్చిలో కేప్‌టౌన్ యూనివర్సిటీలో బ్రిటిష్ వలస పాలకుడు సెసిల్ రోడ్స్ విగ్రహం తీసేయాలని మొదలైన పోరాటం నెల రోజుల్లో గెలిచింది. అమెరికాలో పోలీసు చేతిలో నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత 2020 జూన్ 10న శాస్త్రవేత్తలు ఒకరోజు ల్యాబులు ఆపి, నల్లజాతి విద్యార్థుల పట్ల తమ డిపార్ట్‌మెంట్లు ఎలా ఉన్నాయో మాట్లాడుకున్నారు. అక్కడి క్యాంపస్‌లలో మన తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. రంగు వల్ల వచ్చే అవమానం వాళ్లకు తెలుసు, తోటి తెలుగువాడి నుంచి వచ్చే కులం ఆరా కూడా తెలుసు. 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ, 2022లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తమ వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. ఇటు మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల పిల్లలను మొహం చూసి వెక్కిరించడం పాత జబ్బే. 2014లో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నీడో తానియా దెబ్బలకు చనిపోయాకగానీ ప్రభుత్వం బెజ్‌బరువా కమిటీ వేయలేదు. 2018లో సెంట్రల్ యూనివర్సిటీ అనంతపురానికి వచ్చింది, ఇతర రాష్ట్రాల పిల్లలూ ఇక్కడికి చదవడానికి వస్తారు. కాబట్టి ఈ ముక్క మనకూ తగులుతుంది.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. ర్యాగింగ్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. 2009లో యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ నిబంధనలు వచ్చాయి, గేటు దగ్గర బోర్డు ప్రతి కాలేజీలో కనపడుతుంది. కుల వివక్ష మీద 2012లో యూజీసీ ఇంకో నిబంధనావళి తెచ్చింది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి (యూనివర్సిటీలో అయితే ప్రొఫెసర్ హోదాకు తగ్గకుండా) ఉండాలి, ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలి. ర్యాగింగ్ బోర్డుకు ఉన్న ప్రచారంలో పదో వంతు దీనికి లేదు. సీనియర్ జూనియర్‌ను కొడితే చర్య తీసుకోవడం తేలిక. ప్రొఫెసర్ స్కాలర్‌ను నలిపితే విచారించాల్సింది ఆయన పక్క గది ప్రొఫెసరే. ఇద్దరూ కలిసి టీ తాగేవాళ్లు, ఒకరి స్కాలర్ వైవాకు, అంటే నోటి పరీక్షకు ఇంకొకరు కూర్చునేవాళ్లు. ఫిర్యాదు ఇచ్చిన పిల్లవాడికి ఈ సంగతి మొదటి రోజే అర్థమవుతుంది.

2019 మే నెలలో ముంబైలో పాయల్ తడ్వి అనే ఆదివాసీ పీజీ డాక్టర్ చనిపోయింది. ముగ్గురు సీనియర్ల వేధింపుల మీద కేసు నడుస్తోంది. అదే ఏడాది రోహిత్ తల్లి రాధిక, పాయల్ తల్లి ఆబేదా కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2012 నిబంధనలను నిజంగా అమలు చేయించండి అన్నదే వాళ్ల మొర. ఇద్దరు అమ్మలు. ఒకరిది మన గుంటూరు, ఇంకొకరిది మహారాష్ట్ర. గత ఐదేళ్లలో సెంట్రల్ యూనివర్సిటీల నుంచే 2,424 మంది ఎస్సీ, 2,622 మంది ఎస్టీ, 4,596 మంది ఓబీసీ విద్యార్థులు చదువు వదిలేశారని 2023 డిసెంబర్‌లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. అందరూ వేధింపుల వల్లే మానేశారని నేను అనను, వేరే కోర్సులకు వెళ్లినవాళ్లూ అందులో ఉంటారు. కానీ ఒక్కొక్కరిని పిలిచి ఎందుకు వెళ్లావని అడగాల్సిన పని ఒకటి ఉంది కదా.

ఆ అమ్మల కేసు వల్లే కొత్త నిబంధనల మాట కదిలింది. 2025లో ముసాయిదా వచ్చింది, 2026 జనవరి 13న యూజీసీ వాటిని ప్రకటించింది. ఈసారి ఓబీసీలనూ చేర్చారు. తమపై తప్పుడు ఫిర్యాదులు వస్తాయని జనరల్ కేటగిరీ విద్యార్థులు ఆందోళనకు దిగారు, అదే నెల 29న సుప్రీంకోర్టు ఆ నిబంధనలను నిలిపి, 2012వే కొనసాగాలంది. తప్పుడు ఫిర్యాదు భయం ఉన్నవాళ్లకు వినిపించుకునే హక్కు ఉంది. నేను చూసిన భయం మాత్రం వేరు. నిజమైన ఫిర్యాదు చేతిలో పెట్టుకుని, రాసి, చించి, మళ్లీ రాసి, చివరికి ఇవ్వకుండా ఊరి బస్సెక్కినవాళ్లనే నేను ఎక్కువమందిని చూశాను. పదకొండు రోజులు బెంచీ మీద కూర్చున్న నా స్నేహితుడు కూడా వాళ్లలో ఒకడు. రెండో ఏడు చివర్లో వెళ్లిపోయాడు. మంచి బుర్ర.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. నిద్ర పట్టనంత టెన్షన్ ఉంటే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. అది మీ ప్రాణం కోసం. మీ కాగితం కోసం ఇంకొకటి చేయండి. 2012 నిబంధనలు ఇవాళ్టికీ అమల్లో ఉన్నాయి. మీ ఆఫీసులో ర్యాగింగ్ బోర్డు పక్కన వివక్ష వ్యతిరేక అధికారి పేరు, ఫోన్ నంబరు ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఎవరని రాతపూర్వకంగా అడగండి. ఒంటరిగా పోవద్దు, నలుగురు కలిసి పోండి. రెండు కాపీలు తీసుకెళ్లండి, రెండో కాపీ మీద తేదీతో రిసీవ్డ్ ముద్ర, తీసుకున్న మనిషి సంతకం వేయించుకునేదాకా ఆ కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.