పాత బండిలో ఫోన్ పాటలు: స్టీరియో మార్చే ముందు అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కార్ ఎలక్ట్రికల్, స్టీరియో పని చేస్తాను నేను. క్యాసెట్ డెక్కులు బిగించే రోజుల్లో ఈ పనికి వచ్చినాను, ఇప్పుడు టచ్ స్క్రీన్లు బిగిస్తా ఉండాను. చంద్రగిరి, పాకాల, పుత్తూరు, చిత్తూరు, ఆ పక్క పలమనేరు నుంచి కూడా పాత బండ్లు వస్తా ఉంటాయి. మారుతి 800, జెన్, శాంత్రో, ఇండికా, క్వాలిస్, ఎప్పుడన్నా ఒక అంబాసిడర్. ఇంజను బాగుంటుంది, ఏసీ పని చేస్తుంది, కానీ పాటలేమో ఫోన్లో ఉంటాయి, డెక్కేమో క్యాసెట్టో సీడీనో అడుగుతుంది. అంత చిన్న సమస్యకి తప్పుడు మాటలు విని వేలకు వేలు పోగొట్టుకుని నా దగ్గరికొచ్చిన వాళ్ళని చాలామందిని చూసినా, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: "పాత బండి కదన్నా, కొత్త స్టీరియో పట్టాలంటే డాష్‌బోర్డు కొయ్యాల్సిందే"

వాస్తవం: వద్దు సామీ, దయచేసి కొయ్యనీయొద్దు. ఒకసారి కోసిన డాష్‌బోర్డుకి అతుకు పెట్టడం నా వల్ల కాదు, ఇంకెవరి వల్లా కాదు. స్టీరియో సైజు బండికొకటి ఉండదు, జర్మనీ వాళ్ళ ప్రమాణం నుంచి వచ్చిన డిన్ సైజునే అన్ని దేశాల్లో వాడుతున్నారు. సింగిల్ డిన్ అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్ అంటే వెడల్పు అంతే, ఎత్తు 100. పాత బండ్లలో ఎక్కువగా ఉండేది సింగిల్ డిన్, ఆ సైజులోనే బ్లూటూత్, యూఎస్‌బీ, ఆక్స్ (వైరుతో ఫోన్ కలిపే రంధ్రం) అన్నీ ఉన్న స్టీరియోలు ఇప్పటికీ దొరుకుతాయి, పాతది లాగేసి అదే సందులో కొత్తది తోస్తే పని అయిపోతుంది. పెద్ద స్క్రీను కావాలంటేనే దాన్ని డాష్‌బోర్డులో కూర్చోబెట్టే ఫ్రేము కావాలి, మీ మోడల్‌కి ఫ్రేము దొరుకుతుందా అని స్క్రీను కొనకముందే కనుక్కోండి. దొరక్కపోతే సింగిల్ డిన్ పెట్టుకోండి, ఫోన్‌లో పాట వినడానికి అది చాలు.

అపోహ: "ఆండ్రాయిడ్ స్టీరియో అంటే ఆండ్రాయిడ్ ఆటోనే కదా"

వాస్తవం: పేరు ఒకేలా ఉంది గానీ రెండూ వేరు. ఆండ్రాయిడ్ స్టీరియో అంటే డాష్‌బోర్డులో కూర్చోబెట్టిన ట్యాబ్లెట్, దాని యాప్‌లు దానివే, నెట్ కావాలంటే మీ ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇవ్వాలి. ఆండ్రాయిడ్ ఆటో అంటే పని చేసేది మీ ఫోనే, స్టీరియో స్క్రీను దాన్ని చూపిస్తుంది అంతే. ఐఫోన్ వాళ్ళకి కార్‌ప్లే కూడా ఇదే పద్ధతి, అది 2014లో వచ్చింది, ఆండ్రాయిడ్ ఆటో 2015లో. తక్కువ ధరకి వచ్చే ట్యాబ్లెట్ స్టీరియోలు కొన్నాక ఏడాది రెండేళ్ళకి నిదానం అయిపోతాయి, మన ఎండల్లో మధ్యాహ్నం దాకా నిలబెట్టిన బండిలో ఆన్ చేస్తే ఎక్కడివక్కడ హ్యాంగ్ అవుతాయి. ఫోన్ మీద నడిచేదైతే ఫోన్ మారినప్పుడల్లా అదీ కొత్తదవుతుంది, అందుకే నన్నడిగితే పాత బండికి రెండోదే మేలు. ఇంకో మాట, "ఆండ్రాయిడ్ ఆటో కనెక్ట్ కావడంలే, స్టీరియో పోయింది" అని వచ్చే బండ్లలో చాలావాటికి నేను చేసే రిపేరు కేబుల్ మార్చడమే. కొన్ని చౌక కేబుళ్ళలో చార్జింగ్ వైర్లే ఉంటాయి, డేటా వైర్లు ఉండవు.

అపోహ: "డబ్బా మీద 50 వాట్స్ ఇంటూ 4 అనుంది, విడిగా యాంప్ (సౌండు పెంచే డబ్బా) ఎందుకు?"

వాస్తవం: లెక్క వేసి చూపిస్తా. ఇంజను నడుస్తున్నప్పుడు బండిలో దాదాపు 14.4 వోల్టులు ఉంటాయి. అంత వోల్టేజీతో స్టీరియో లోపలి యాంప్ ఐసీ (చిప్పు) 4 ఓమ్స్ స్పీకరుకి శబ్దం పగలకుండా ఇవ్వగలిగేది, కాగితం మీద లెక్క ప్రకారమే, 26 వాట్ల దగ్గర ఆగిపోతుంది. నిజంగా అయితే ఇంకా తక్కువ. నమ్మకపోతే స్టీరియో వెనకాల ఫ్యూజు చూడండి, 10 ఆంపియర్లు అనుంటే 144 వాట్లు, అది లోపలికి పోయే మొత్తం కరెంటు, అందులోనే వేడి, డిస్‌ప్లే అన్నీ ఉన్నాయి, మరి 200 వాట్ల పాట యాడ నుంచి వస్తుంది? ఆ 50 అనేది ఒక్క క్షణం ఎగిరిపడే అంకె. కొనేటప్పుడు ఆర్ఎంఎస్ అని రాసిన అంకె, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, చూడండి.

ఇది చెప్పింది ఎందుకంటే, సౌండు బాలేదని స్టీరియో మీద స్టీరియో మార్చినవాళ్ళు ఉన్నారు, లోపల చూస్తే స్పీకరు చుట్టూ ఉండే ఫోమ్ పొడి పొడిగా రాలిపోయి ఉంటుంది. పదిహేనేళ్ళ బండిలో అది మామూలే. ముందర డోర్ల స్పీకర్లు రెండు మార్చండి, తర్వాత మాట్లాడుకుందాం. ఇంకొకటి, స్పీకర్లు బాగున్నా బేస్ రాకపోతే ఒకదానికి ప్లస్ మైనస్ తిరగబడి ఉంటుంది. వైర్లు విప్పి గోడ గడియారం సెల్లు, అదే 1.5 వోల్టుది, ఒక్క క్షణం తగిలించండి, స్పీకరు బయటికి పొంగితే సెల్లు ప్లస్ తగిలిన వైరే ప్లస్.

అపోహ: "కొత్త స్టీరియో పెడితే బ్యాటరీ తాగేస్తుంది"

వాస్తవం: సరిగ్గా బిగిస్తే తాగదు. పుత్తూరు పక్క నుంచి ఒకాయన ఆల్టో తెచ్చినాడు, స్టీరియో వేరేచోట బిగించుకున్నాడంట, రెండ్రోజులు బండి తీయకపోతే మూడోరోజు తోస్తే గానీ స్టార్ట్ కావడంలేదు. కొత్త బ్యాటరీ కూడా వేసినాడు పాపం. డెక్ లాగి చూస్తే పసుపు వైరు, ఎరుపు వైరు రెండూ కలిపి మెలేసి టేపు చుట్టి ఉన్నాయి. పసుపు వైరుకి ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలి, స్టేషన్లు, టైము, బ్లూటూత్ పేరు గుర్తుపెట్టుకునేది దాంతోనే, దానికి కావాల్సింది కొన్ని మిల్లీ ఆంపియర్లు. ఎరుపు మాత్రం తాళం తిప్పితేనే రావాలి. రెండూ కలిపేస్తే తాళం తీసేసినా స్టీరియో లోపల మేలుకునే ఉంటుంది. అర ఆంపియర్ తాగిందనుకోండి, 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ 70 గంటల్లో ఖాళీ, సెల్ఫ్ తిరగడం అయితే అంతకంటే చాలా ముందే ఆగిపోతుంది. ఆ బండికి నేను చేసింది ఎరుపు వైరు విడదీసి తాళం లైనుకి ఇవ్వడం, పది నిమిషాల పని, దానికోసం ఆయన బ్యాటరీ డబ్బులు పోగొట్టుకున్నాడు.

అపోహ: "వైర్ల రంగులు ఎక్కడైనా ఒకటే, రంగు చూసి కలిపేయడమే"

వాస్తవం: స్టీరియోతో వచ్చే వైర్ల రంగులు చాలావరకు ఒకటే, బండి లోపలి వైర్ల రంగులు అట్లా కాదు. వోల్టేజీ చూసే మీటరు పెట్టకుండా కలపనీయొద్దు. మీ బండి సాకెట్టుకి నేరుగా గుచ్చుకునే కప్లర్ దొరికితే తప్పకుండా తీసుకోండి, ఒక్క వైరు కూడా కొయ్యకుండా అయిపోతుంది. చాలా పాత బండ్లలో ఇంకో గండం ఉంది, స్పీకరు మైనస్‌ని బాడీ ఎర్త్‌కి ఇచ్చి ఉంటారు, ఆ కాలపు సెట్లకి అది సరిపోయేది. ఇప్పటి స్టీరియోల్లో స్పీకరు మైనస్ కూడా ఐసీ నుంచే వస్తుంది, అది బాడీకి తగిలితే ఐసీ పోతుంది. అట్లాంటి బండికి స్పీకరు వైర్లు కొత్తగా లాగాల్సిందే, అక్కడ పిసినారితనం చేయొద్దు.

లారీ అన్నలకి ఒక ముక్క. 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలు ఉంటాయి కదా, ఒకదాని నుంచి 12 తీసి స్టీరియోకి ఇస్తే చాలు అనుకుంటారు. స్టీరియో పాడుతుంది, నిజమే, కానీ ఒక బ్యాటరీ ఎక్కువ దిగి ఇంకోటి ఎక్కువ చార్జ్ అయ్యి రెండూ తొందరగా పోతాయి. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టించుకోండి.

చిన్న చిన్నవి కొన్ని.

"బ్లూటూత్‌లో క్వాలిటీ పోతుంది" అంటారు. బ్లూటూత్ పాటని కుదించి పంపే మామూలు ఎస్‌బీసీ పద్ధతిలోనే సెకనుకి 328 కిలోబిట్ల దాకా పోతుంది, పాత బండి కిటికీల శబ్దంలో ఆ తేడా ఎవరికీ తెలీదు.

"లైటర్‌లో పెట్టే ఎఫ్ఎం మాడ్యులేటర్ ఉంటే స్టీరియో మార్చే పనిలేదు" అంటారు. అది ఫోన్ పాటని రేడియో స్టేషనులా స్టీరియోకి పంపుతుంది, స్టీరియోలో రేడియో తప్ప ఏమీ లేకపోతే పర్లేదు. కానీ 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ లోపల ఖాళీ చోటు వెతకాలి, ఇక్కడ ఖాళీగా ఉన్నది చెన్నై దగ్గరయ్యే కొద్దీ ఏదో ఒక స్టేషను వచ్చి మీదపడుతుంది. స్టీరియోకి ఆక్స్ ఉంటే ఒక చిన్న బ్లూటూత్ రిసీవరు అందులో గుచ్చండి, దీనికంటే శుభ్రంగా వినిపిస్తుంది.

ఆక్స్ పెట్టి ఫోన్ చార్జింగ్ కూడా పెడితే, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుయ్యిమని శబ్దం వస్తుంది, దాన్ని ఆల్టర్నేటర్ పోయిందని అనుకోవద్దు. ఎర్త్ రెండు దార్లలో కలవడం వల్ల వచ్చేది అది. చార్జరు తీసి చూడండి, శబ్దం ఆగితే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బీ మధ్యలో పెడితే చాలు.

కొత్త పెన్‌డ్రైవ్ పాత స్టీరియోలో రాకపోతే పారేయకండి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి పాటలు ఎంపీ3లో వేయండి.

కొత్తది పెట్టినాక రేడియో స్టేషన్లు సరిగా రావడం లేదంటే, యాంటెన్నాలో బూస్టర్ ఉన్న బండి అయ్యుంటుంది, దానికి కరెంటు ఇచ్చే నీలం వైరు కలపడం మరిచిపోయి ఉంటారు.

అపోహ: "బ్లూటూత్ ఉంది కాబట్టి నడుపుతా ఎంతసేపైనా మాట్లాడొచ్చు"

వాస్తవం: 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్లో చేత్తో పట్టుకుని ఫోన్ వాడడం కూడా ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వచ్చింది, బ్లూటూత్ వల్ల ఆ చెయ్యి ఖాళీ అవుతుంది, మనసు ఖాళీ కాదు. తిరుమల ఘాట్ మలుపుల్లో అయితే ఫోన్ ఎత్తొద్దనే నేను ప్రతి ఒక్కరికీ చెప్తా. మైకు ఏసీ గాలి తగిలేచోట పెట్టించొద్దు, అవతలివాళ్ళకి గాలి హోరే వినిపిస్తుంది, ముందర అద్దం పక్క స్తంభం మీద పెట్టించండి.

అపోహ: "పాత క్యాసెట్ డెక్ పాత ఇనుముకే"

వాస్తవం: తీసిన డెక్కు, దాని కప్లరు మీ బండిలోవి మీరే తీసుకోండి, షాపులో వదలొద్దు. ఆడని క్యాసెట్ డెక్కుల్లో చాలావాటికి పోయేది లోపలి రబ్బరు బెల్టు, అది జిగురైపోయి ఉంటుంది, మార్చొచ్చు. చిత్తూరు నుంచి ఒకాయన వాళ్ళ నాయన అంబాసిడర్ తెచ్చి, డెక్ కదల్చకుండా ఫోన్ పాట రావాలి అన్నాడు. బెల్టు మార్చి, క్యాసెట్ ఆకారంలో ఉండే అడాప్టర్ అందులో పెట్టి, దాని 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఫోన్‌కి గుచ్చినాం, ఒక్క వైరు కూడా కొయ్యలేదు. వాళ్ళ నాయన కొన్న భక్తి పాటల క్యాసెట్లు కూడా ఇప్పుడు అదే డెక్కులో ఆడుతున్నాయి.