మూయని తూము

బరంపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా ఆయన పది నిమిషాలు ఫోన్ ఎత్తకపోతే నాకు చేతులు వణుకుతాయి. నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటాను. ఆయన వచ్చి మామూలుగా మాట్లాడినా ఆ రాత్రి నిద్ర పట్టదు. నాది పిచ్చా?" మూలా నక్షత్రంలో పుట్టిందనీ, ఆమె వల్లే నాన్న సూరత్ మరమగ్గాలకు వెళ్లి తిరిగి రాలేదనీ చిన్నప్పుడు ఇంట్లో అనేవారట.

పిచ్చి కాదమ్మా. చెరువు తూము చూసే ఉంటారు. భయం వేయగానే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ వదులుతాయి. అది తూము ఎత్తడం. ఎత్తడం అందరిలోనూ జరిగేదే, చిక్కంతా దించడంలో ఉంది. మడి నిండిందని ఎవరో చూసి "చాలు, దించు" అని కేకెయ్యాలి. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ఆ పని చేస్తుంది. దాని కణాల్లోని గ్రాహకాలు కార్టిసాల్‌ను పట్టుకుంటే, ఇక ఆపమని కబురు వెళుతుంది. గ్రాహకాలు ఎక్కువుంటే గట్టు మీద మనుషులు ఎక్కువున్నట్టు. తక్కువుంటే కేక ఆలస్యమవుతుంది, నీళ్లు గట్లు తెంపుకుని పొరుగు మళ్లలోకి పోతాయి. మీ ఆయన ఇంటికొచ్చినా నిద్ర పట్టకపోవడం అదే. ఫోన్ సంగతి తేలిపోయింది, తూము ఇంకా దిగలేదు.

గట్టు మీద ఎందరుండాలో ఎప్పుడు తేలుతుంది? కెనడాలోని మాంట్రియల్‌లో శాస్త్రవేత్త మైకేల్ మీనీ బృందం 2004లో ఎలుకల మీద చూపించింది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లల్ని ఒళ్లంతా నాకుతాయి, కొన్ని అంతగా నాకవు. పుట్టిన మొదటి వారంలో ఆ నాకుడు కరువైన పిల్లల్లో, గ్రాహకం తయారుచేసే జన్యువు ముందుభాగాన, డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ మీద మిథైల్ సమూహం (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) అతుక్కుని ఉండిపోతుంది. దాంతో ఆ జన్యువును పనిచేయించే ఎన్‌జీఎఫ్ఐ-ఏ అనే ప్రోటీన్‌కు అక్కడ చోటు దొరకదు, జన్యువు సరిగా పనిచేయదు, గ్రాహకాలు తగ్గుతాయి. అంతగా నాకని తల్లి పిల్లల్ని పుట్టగానే బాగా నాకే తల్లి దగ్గర వేస్తే ఆ గుర్తు మారిపోయింది! పుట్టుక కాదు, పెంపకం. పసిబిడ్డకు నక్షత్రం అంటగట్టి నష్టజాతకురాలు అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే. కీడు ఆ మాటలోనే ఉంది.

మనిషి ఎలుక కాదు, నిజమే. కానీ 2009లో అదే బృందం, చిన్నప్పుడు హింస పడి పెద్దయ్యాక ఆత్మహత్య చేసుకున్న 12 మంది మెదళ్లు పరీక్షించి, అదే జన్యువు మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా ఉండటం గమనించింది.

మరి "నేనేం తప్పు చేశాను" ఎక్కడిది? అయిదేళ్ల పిల్ల, అన్నం పెట్టేవాళ్లే చెడ్డవాళ్లని అనుకుంటే ఎక్కడికి పోతుంది? నేనే చెడ్డదాన్ని అనుకుంటే కనీసం మంచిగా మారి వాళ్లను దక్కించుకోవచ్చన్న ఆశ మిగులుతుంది. పెద్దలు తనను చూసిన తీరును బట్టి పిల్ల తన గురించీ వాళ్ల గురించీ మనసులో కట్టుకునే ఇలాంటి బొమ్మనే మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ లోపలి నమూనా అన్నారు. భర్త మౌనంలో ఇవాళ ఆమెకు వినిపించేది ఆనాటి పెద్దల గొంతే.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని మనస్తత్వవేత్త ఎమీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించారు. నానా కష్టాల మధ్య పెరిగినవాళ్లలో సుమారు మూడోవంతు మంది నిబ్బరంగా, నలుగురితో కలిసి బతికే మనుషులయ్యారు. వాళ్లలో చాలామందికి చిన్నప్పుడు అమ్మానాన్నలు కాకపోయినా దగ్గరగా పట్టించుకున్న పెద్ద మనిషి ఒకరున్నారు.

ఇది రాస్తూ ఆమె ఉత్తరం మళ్లీ చదివాను. చివర్లో ఒక వాక్యం ఉంది. పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) రోజూ జడ వేసి, పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన అన్నం) కలిపి తినిపించేదట. దాన్ని ఆమె "సంబంధం లేని విషయం" అని రాశారు. అమ్మా, నేను గట్టు మీది మనుషులని ఇంతసేపూ చెప్పింది ఆవిడ గురించే.