కారు కంటే ముందొచ్చే కాగితం

చిరంజీవులు చిన్నూకి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నూ అడిగాడు: "తాతయ్యా, నువ్వెప్పుడూ కారు కొనలేదు కదా, మరి కార్ల బ్రోచర్లు పెట్టె నిండా ఎందుకు దాచావు?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తెలుగు చదవడం కష్టమనిపిస్తే అమ్మ చేత చదివించుకోండి.

మా చిన్నప్పుడు పెళ్లి సంబంధం మాట్లాడాలంటే ముందు ఫొటో పంపేవారు. మా బాబాయిని అలాగే ఏలూరులో ఒక స్టూడియోకి తీసుకెళ్లారు. అక్కడ మేకుకి ఒక నల్లకోటు వేలాడుతూ ఉండేది. ఊళ్లో పెళ్లికొడుకులందరూ ఆ కోటే తొడుక్కుని ఫొటో దిగేవారు. వెనక తెర మీద పూలతోట, పాలరాతి మెట్లు. ఫొటోగ్రాఫరు నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో గీసి మొటిమల మచ్చలు పోగొట్టేవాడు. ఆ తర్వాత మా తాతగారు ఫొటో వెనక చదువు, ఉద్యోగం, గోత్రం, నక్షత్రం రాసి కవర్లో పెట్టేవారు. కార్ల కంపెనీలు ఇచ్చే బ్రోచరు కూడా అచ్చం అలాంటి ఫొటోయే. ముందువైపు అందం, వెనకవైపు వివరాలు.

మీ అమెరికాలోనే పోంటియాక్ అని ఒక కారు ఉండేది. 1959 నుంచి 1971 వరకు దాని ప్రచారానికి ఇద్దరు కలిసి బొమ్మలు వేశారు. ఆర్ట్ ఫిట్జ్‌ప్యాట్రిక్ కారు వేసేవాడు. వ్యాన్ కాఫ్‌మన్ చుట్టూ ఉన్న మనుషుల్నీ, వెనకనున్న దృశ్యాన్నీ వేసేవాడు. 1959లో ఆ కంపెనీ ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం పెంచి, దానికి 'వైడ్ ట్రాక్' అని పేరు పెట్టుకుంది. ఫిట్జ్‌ప్యాట్రిక్ కుంచె పట్టుకుని ఆ వెడల్పును ఇంకొంచెం పెంచాడు! బొమ్మలో కారు రోడ్డంతా తనదే అన్నట్టు పరుచుకుని ఉంటుంది. స్టూడియో కోటు అంటే అదే. కోటు తొడిగినా లోపలున్నది మా బాబాయే. కాకపోతే ఆయన ఇంట్లో పంచెతో తిరిగేవాడని ఆ ఫొటో చూసి ఎవరికీ తెలియదు.

అందుకే నేను బ్రోచరు చేతికి రాగానే తిరగేసి వెనక అట్ట చూస్తాను. పొడవు ఎంత, బరువు ఎంత, ఇంజను ఎన్ని సీసీ, ఏయే రంగులున్నాయి అని అక్కడ ఉంటుంది. చాలావాటిలో అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలతో, ముందుగా చెప్పకుండానే ఈ వివరాలు మార్చవచ్చు అని కూడా ఉంటుంది. ఏ కాగితంలోనైనా చిన్న అక్షరాలు ముందు చదవండి. పెద్దయ్యాక దేని మీదైనా సంతకం పెట్టేటప్పుడు ఈ అలవాటు మిమ్మల్ని కాపాడుతుంది.

నా పెట్టెలో మన దేశం బ్రోచర్లు కొన్నే ఉన్నాయి. అవీ పల్చటివి. కారణం ఆలోచిస్తే మీకే తడుతుంది. అప్పట్లో మన దగ్గర దొరికే కార్లే రెండు మూడు రకాలు: కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయిలో తయారయ్యే ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూసేవారు. సంబంధాలు వాటంతట అవే గుమ్మంలో వచ్చి నిలబడే ఇంటికి ఫొటో పంపాల్సిన అవసరం ఏముంటుంది? 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఆ రోజులు మారాయి.

మా వీధిలో ఉన్న డాక్టరుగారు అంబాసిడర్ బుక్ చేశారు. కారు రాలేదు గానీ దాని బ్రోచరు ముందే వచ్చింది. రోగులు కూర్చునే బల్ల మీద పత్రికలతో పాటు పడి ఉండేది. జ్వరం వచ్చి వెళ్లినప్పుడు దాన్ని మొదటిసారి చూశాను. జ్వరం తగ్గిపోయాక కూడా, అమ్మమ్మకి దగ్గుమందు తెచ్చే పని నాకే అప్పగించమని బతిమాలేవాణ్ణి. ముందు సీటు అడ్డంగా సోఫాలా ఒక్కటే, గేరు స్టీరింగు పక్కనే! బొమ్మలో కారు లేత నీలం. చివరికి ఇంటికొచ్చింది మాత్రం తెల్లది. అది వచ్చిన రోజు డాక్టరుగారు నన్ను పిలిచి, "ఇంక దీంతో నాకేం పనిరా, నువ్వుంచుకో" అని ఆ బ్రోచరు నా చేతికిచ్చారు. ఆ కారు తర్వాత ట్యాక్సీ అయింది, రంగులు మారింది, ఎక్కడో తుక్కు కింద పోయింది. కాగితం ఇప్పటికీ లేత నీలంగానే ఉంది.

చిన్నూ, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. కారు చేతులు మారుతుంది, పెయింటు మారుతుంది, విడిభాగాలు మారతాయి. మొదటి రోజు దాన్ని ఎలా అమ్మజూపారో చెప్పేది ఈ కాగితమే. ఫోర్డ్ మోడల్ టీ అంటే నల్లరంగు ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. 1908 నుంచి 1927 వరకు తయారైన ఆ కారు, 1914 నుంచి 1925 వరకు మాత్రమే పూర్తిగా నలుపు. అంతకుముందు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో ఉండేది. ఆనాటి ఫొటోలు దాదాపు అన్నీ నలుపు తెలుపే కాబట్టి వాటిలో రంగు తెలియదు. పాత కారు బాగుచేసేవాళ్లు అందుకే పాత క్యాటలాగుల కోసం వెతుకుతారు.

నా బ్రోచర్లను మీరొచ్చినప్పుడు చూపిస్తాను. చేతులు కడుక్కుని ముట్టుకోవాలి. చిరిగితే సెల్లోటేపు వెయ్యకూడదు, కొన్నాళ్లకి పచ్చబడి కాగితాన్ని పాడుచేస్తుంది. పిన్నులు తుప్పు పట్టాయేమో నేను ప్రతి వానాకాలం చూసుకుంటూ ఉంటాను.

ఈలోపు మీకొక పని. మీ దగ్గర భూతద్దం ఉంటే, రంగుల్లో అచ్చయిన ఏ బ్రోచరు మీదైనా పెట్టి చూడండి. కారు మాయమైపోతుంది. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు మాత్రమే మిగులుతాయి. నాలుగు రంగుల చుక్కల నుంచి అంత మెరిసే ఎర్రకారు ఎలా పుట్టిందో, ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఆశ్చర్యం తీరలేదు. వివరంగా చెప్పమంటే నా వల్ల కాదు, మీరే చూడండి.

ఇంకొకటి. అక్టోబరు వస్తోంది. మీరు చాక్లెట్ల కోసం వెళ్లే హెర్షీ ఊళ్లోనే ఏటా ఆ నెలలో పాతకార్ల పెద్ద సంత జరుగుతుంది, 1955 నుంచీ ఉంది. అక్కడ పాత బ్రోచర్లు పెట్టెల్లో పోసి అమ్ముతారు. నాన్నని అడిగి వెళ్లండి. ఏదైనా నచ్చితే ఒక్కటే కొనుక్కోండి. వెనక అట్ట మీద ఏం రాసి ఉందో నాకు ఉత్తరంలో రాయండి.

మీ
తాతయ్య