కారంపై పడిన నింద, వక్క చేసిన పని: సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ పరిశోధన నేపథ్యం

పచ్చడి ముద్ద నోట్లో పెట్టగానే భగ్గున మంట. జబ్బు చాలామందిలో ఇలాగే బయటపడుతుంది. ఆ తర్వాత బుగ్గల లోపలి పొర పాలిపోయి, చలువరాయి మీది చారల్లా తెల్లబడుతుంది. వేలితో తడిమితే నిలువుగా తాళ్లలాంటి పట్టీలు తగులుతాయి. చివరికి పెద్ద ముద్ద పట్టేంత నోరు కూడా తెరుచుకోదు. దీన్నే ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు.

1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు కెన్యాలో ఉంటున్న ఐదుగురు భారతీయ స్త్రీలలో ఈ స్థితిని వర్ణించాడు. కారణం తెలియని జబ్బుగానే దానికి పేరు పెట్టాడు. మరుసటి ఏడాది బొంబాయి ఈఎన్‌టీ వైద్యుడు జోషి దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌గా గుర్తించాడు. 1966లో పిండ్‌బోర్గ్, సిర్సాత్ ఇచ్చిన నిర్వచనం నేటికీ చెల్లుతోంది: పైపొర కింద ముందు వాపు, ఆ తర్వాత కణజాలం పీచుకట్టడం, పైపొర పలచబడటం.

మరి కారణం? మిరపకాయ తింటే మండుతోంది కాబట్టి తప్పు మిరపకాయదే అనుకున్నారు. 1960లో ఎలుకల అంగిలికి మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ అనే పదార్థం పూసి కూడా చూశారు. కానీ మెక్సికో వాళ్లూ మిరపకాయ తింటారు, అక్కడ ఈ జబ్బు కనిపించదు. పొర పలచబడ్డాక కారం మండుతుందే తప్ప, కారం తిన్నందుకు పొర పలచబడదు. ఈ తిరకాసు తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. "కారం మానేయండి, తగ్గిపోతుంది" అనే సలహా ఇప్పటికీ వినబడుతూనే ఉంది. కారం మానితే మంట తగ్గుతుంది, జబ్బు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

అసలు కారణం వక్క. అందులోని అరెకోలిన్ అనే రసాయనం పీచు తయారుచేసే కణాలను రెచ్చగొడుతుంది. వక్కలో రాగి కూడా ఎక్కువ. ఈ పీచుకు మూలమైన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముకు రాగి కావాలి. అలా ముడిపడిన పీచును శరీరం తేలిగ్గా విడగొట్టలేదు. వక్క మానేసినా బిగిసిన నోరు తనంతట తాను వదులుకాకపోవడానికి కారణం ఇదే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1996లో ప్రచురించిన అధ్యయనం మనవాళ్లందరికీ తెలియాల్సింది. తాంబూలం నమిలేవారిలో ఈ జబ్బు రావడానికి సగటున 8.6 ఏళ్లు పడితే, పాన్ మసాలా వాడేవారిలో 2.7 ఏళ్లే పట్టింది. తాంబూలంలో తడి తమలపాకు ఉంటుంది, పాన్ మసాలా పొట్లంలో ఉండేది ఎండు వక్కపొడి. గ్రాముకు గ్రాము లెక్కేస్తే నోట్లోకి వెళ్లే వక్క పొట్లంలోనే ఎక్కువ. కాలేజీ పిల్లల నోళ్లు బిగుసుకుపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఇది క్యాన్సర్‌కు ముందు దశ కూడా. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 66 మంది రోగులను 17 ఏళ్లపాటు గమనిస్తే 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చింది. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రకటించింది.

చట్టం మాత్రం చాలాచోట్ల పొగాకు దగ్గరే ఆగింది. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదన్న 2011 నిబంధన ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. వెంటనే పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో పక్కపక్కన వేలాడాయి. పొగాకు లేదని రాసిన పొట్లంలోనూ వక్క ఉంటుంది. ఈ జబ్బుకు అంతే చాలు.

చికిత్సలో మొదటి పని కొలత. పై, కింది ముందు పళ్ల అంచుల మధ్య దూరాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోవాలి. 35 దాటితే తొలి దశ, 15 కంటే తగ్గితే ముదిరినట్టు. వాపు తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, కణజాలాన్ని వదులుచేసే హయలురోనిడేజ్ అనే ఎంజైము కలిపిన ఇంజెక్షన్లు పట్టీల్లోకి ఇస్తారు. అయితే సూది పదేపదే గుచ్చిన చోట గాయం మాని, మళ్లీ పీచు కట్టే ప్రమాదం ఉంది. పట్టీలు కోసి సరిచేసినా, నోరు తెరిచే వ్యాయామం నెలల తరబడి రోజూ చేయకపోతే మళ్లీ బిగుస్తుంది. ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని, నోరు అలవాటుపడేకొద్దీ ఒక్కో పుల్ల పెంచుకుంటూ పోవాలి.

కేస్ షీట్‌లో "పొగాకు అలవాటు ఉందా?" అని మాత్రమే అడిగితే, "లేదండీ" అన్న జవాబు నిజమే అవుతుంది. వక్కపొడి గురించి విడిగా అడగాలి: రోజుకు ఎన్ని పొట్లాలు, ఏ బుగ్గన ఎంతసేపు పెట్టుకుంటారు, రాత్రి నోట్లో పెట్టుకునే నిద్రపోతారా?