జూలై రేసుకి డిసెంబరు తొక్కుడు

ఆదివారం తెల్లవారుజామున శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా మా మేనల్లుడూ నేనూ సైకిళ్ల మీద వెళ్తాం. వాడికి వచ్చే సీజన్‌లో రాష్ట్ర స్థాయి రోడ్డు రేసు తొక్కాలని కోరిక. మొన్న మంచులో దారి సరిగా కనిపించక మెల్లగా పోతుంటే, "మావయ్యా, టూర్ డి ఫ్రాన్స్ తొక్కేవాళ్లు కూడా ఈ నెలల్లో నెమ్మదిగానే తొక్కుతారంట, నిజమేనా?" అన్నాడు.

నిజమే. ఆ టూర్ జూలైలో ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ రేసు. దానికోసం డిసెంబరు, జనవరుల్లో చాలా జట్లు స్పెయిన్‌లో శిబిరాలు పెడతాయి. రోజుకి నాలుగైదు గంటలు తొక్కినా, అందులో ఎక్కువ భాగం పక్కవాడితో కబుర్లు చెప్పుకోగలిగే వేగమే. బద్ధకం కాదది. అలా గంటల తరబడి తొక్కితే కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి, వాటికి రక్తం అందించే సన్నటి కేశనాళికలు పుట్టుకొస్తాయి, ఒళ్లు కొవ్వును ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుంటుంది. పిండిపదార్థం నుంచి ఒళ్లు దాచుకునే ఇంధనం, గ్లైకోజెన్, ఒంట్లో నిల్వ ఉండేది సుమారు అరకిలోనే. గట్టిగా తొక్కితే రెండు గంటలకే అది అడుగంటుతుంది. అందుకే రేసులో గంటకి 90 నుంచి 120 గ్రాముల పిండిపదార్థం తింటూ, తాగుతూ పోతారు. ఆకుమడిలో నారు అందిరాకుండా ఎవరూ ఆకు తీయరు కదా, ఈ శీతాకాలపు తొక్కుడూ అంతే.

ఇంతకీ ఏ స్థాయికి చేరాలి? కొండ ఎక్కేటప్పుడు మేటి రేసర్లు కిలో బరువుకి 6 వాట్ల చొప్పున అరగంట నిలబడగలరు. 60 కిలోల మనిషైతే 360 వాట్లు. మన ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. అంటే దాదాపు ఐదు ఫ్యాన్లని అరగంటసేపు కాళ్లతో తిప్పినట్టు! చదును రోడ్డు మీద శత్రువు గాలి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మధ్యాహ్నం కళింగపట్నం వైపు తొక్కితే సముద్రపు గాలి ఈ లెక్కని మోకాళ్లకి నేర్పుతుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది లక్ష్యాల ఎంపిక. ఏడాది పొడవునా ఎవరూ ఒకే ఊపులో ఉండలేరు. 1970లలో క్రీడా శాస్త్రవేత్త ఎరిక్ బానిస్టర్ బృందం ఒక సులువైన నమూనా ఇచ్చింది: ప్రతి సాధన సత్తానీ పెంచుతుంది, అలసటనీ పెంచుతుంది. అలసట వారంలో చాలావరకు దిగిపోతుంది, సత్తా మాత్రం వారాల తరబడి మెల్లగా తరుగుతుంది. ఆ రెండింటి మధ్య తేడా బాగా పెరిగిన రోజున రేసు పడేలా చూసుకోవాలి.

మరి ఒకే ఏడాది రెండు మూడు పెద్ద లక్ష్యాలంటే? 2024లో స్లొవేనియా రేసర్ తాదేయ్ పొగాచర్ మేలో ఇటలీలో జరిగే మూడు వారాల రేసు జిరో డి ఇటాలియా, జూలైలో టూర్ డి ఫ్రాన్స్, సెప్టెంబరులో జూరిక్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మొదటి రెండూ ఒకే ఏడాది గెలిచినవాడు అంతకుముందు చివరిగా 1998లో ఇటలీ రేసర్ మార్కో పంతానీయే. నడుమ 26 ఏళ్లు! మూడు వారాల రేసు ముగించి, కోలుకుని, ఐదు వారాల్లోనే మళ్లీ శిఖరానికి చేరడం అంత కష్టం.

మా వాడి సీజన్‌కి అందుకే ఒక్క రేసే అసలు లక్ష్యం అనుకున్నాం. మిగతావి సాధనలో భాగం. లైట్‌హౌస్ దగ్గర టీ తాగుతూ చివరి రెండు వారాలు తొక్కుడు సగానికి తగ్గించమంటే వాడికి టెన్షన్ పట్టుకుంది. "కాళ్లు మొద్దుబారిపోవా?" అన్నాడు. అప్పుడు తగ్గేది దూరమేననీ, పూర్తి వేగంతో తొక్కే చిన్న విడతలు అలాగే ఉంటాయనీ చెప్పాక గానీ గ్లాసు ఖాళీ చేయలేదు.